లక్క ప్లేట్లలో మిగిలిన కచేరీ

అటకల మీద పగిలిపోతున్న పాత రికార్డులు
మూడు నిమిషాల్లో ఇమిడిన మహా విద్వాంసులు

విజయనగరం: ఇత్తడి గొట్టానికి ధర పలికింది. ప్లేట్లకు పలకలేదు.

మా తాతగారు పోయాక ఇల్లు సర్దుతుంటే అటక మీంచి ఒక గ్రామఫోను, దానితోబాటు రేకుపెట్టె నిండా నల్లటి ప్లేట్లు దిగాయి. పాత సామాన్లు కొనే అతను వచ్చి గొట్టాన్ని తూకం వేసుకున్నాడు. ప్లేటును వేలితో మీటి చూసి, "ఇది ఇనుమూ కాదు, ప్లాస్టిక్కూ కాదు. తూకానికి రాదు బాబూ" అని పక్కన పెట్టేశాడు. పిల్లలు రెండింటిని పెరట్లో దొర్లించి ఆడుకుంటే రాయికి తగిలి అప్పడాల్లా విరిగాయి. చివరకు మిగిలినవి పదకొండు.

ఇది ఒక్క మా ఇంటి ముచ్చట కాదు. ఒకప్పుడు మన ప్రాంతంలో కాస్త కలిగినవారి లోగిళ్ళలో, నాటకాల పిచ్చి వున్న ఇళ్ళలో కీ ఇచ్చి తిప్పే పాటల పెట్టె వుండేది. సాయంత్రమైతే అరుగు మీద పెట్టి వేసేవారు. వీధి వీధంతా వచ్చి కూర్చునేది. ఆ పెట్టెలు పోయాయి. ప్లేట్లు మాత్రం కొన్ని ఇళ్ళలో చెదల పాలవుతూ ఇంకా వున్నాయి. వాటిలో ఎవరి గొంతు వుందో, ఎవరి వయొలిన్ వుందో ఇంటివారికే తెలియదు.

లక్కతో చేసిన పాట

ఈ ప్లేట్లు దేనితో చేశారో చాలామందికి తెలియదు. ఏటికొప్పాక బొమ్మలకు రంగుతో కలిపి పట్టించే లక్క వుంది కదా, అదే. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే జిగురును శుద్ధి చేసి, అందులో మెత్తటి రాతిపొడి, నల్లటి మసి, దూది నూగు కలిపి, వేడి మీద అచ్చు వేస్తే 78 రికార్డు తయారయ్యేది. నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది గనుక ఆ పేరు. ప్రపంచంలోని రికార్డు కంపెనీలన్నిటికీ లక్క ప్రధానంగా మన దేశం నుంచే వెళ్ళేది.

గుండ్రటి పళ్ళెం మీద ధ్వనిని గీసే పద్ధతిని ఎమిల్ బెర్లినర్ 1887లో కనిపెట్టారు. పదిహేనేళ్ళు తిరక్కుండానే ఆ యంత్రం మన దేశానికి వచ్చింది. 1902 నవంబరులో లండన్ గ్రామఫోన్ కంపెనీ పంపిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేశారు. పాట చివర ఆమె "నా పేరు గౌహర్ జాన్" అని ఇంగ్లీషులో ప్రకటించేది. ఆ మైనపు పళ్ళేలు ఓడ మీద జర్మనీలోని హానోవర్ ఫ్యాక్టరీకి వెళ్ళాలి. అక్కడి పనివాళ్ళకు ఏ పాట ఎవరిదో తెలియాలంటే పాడినవారే పేరు చెప్పుకోవాలి. అదీ సంగతి.

1908లో కంపెనీ కలకత్తాలోని సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టింది. 1928లో దాన్ని డమ్‌డమ్‌కు మార్చారు. మన తాతలు విన్న కుక్కబొమ్మ ప్లేట్లు అక్కడ అచ్చయినవే. గొట్టం ముందు చెవి రిక్కించి కూర్చున్న ఆ కుక్క పేరు నిప్పర్. ఫ్రాన్సిస్ బరౌడ్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మ అది. చదువు రానివాళ్ళు కూడా బజారులో బొమ్మను చూసే ప్లేటు కొనేవారు.

కుక్కబొమ్మ ఒక్కటే కాదు, ఇంకా ఎన్నో కంపెనీల గుర్తులు వుండేవి. కొలంబియా వుండేది. జర్మనీ ఓడియన్ రికార్డులను మద్రాసులో సరస్వతీ స్టోర్స్ తెచ్చింది. ఆ స్టోర్స్ నడిపిన భాగస్వాముల్లో ఒకరైన ఎ.వి.మెయ్యప్పన్ తరువాత ఎ.వి.ఎం. స్టూడియో స్థాపించారు. హచిన్స్ అనే కంపెనీ కూడా దక్షిణాదిన తిరిగి కళాకారుల కోసం వెతికేది. 1931లో గ్రామఫోన్ కంపెనీ, కొలంబియా కలిసి ఇ.ఎం.ఐ. అయ్యాయి. అయినా ఎవరి గుర్తు వారిదే.

ముందుగా పాడింది స్త్రీలే

కంపెనీ మనుషులు మద్రాసు చేరిన తొలి రోజుల్లో యంత్రం ముందు ధైర్యంగా కూర్చున్నది చాలావరకు దేవదాసీ కుటుంబాల విదుషీమణులు. గొట్టంలోకి పాడితే గొంతు పోతుందని కొందరు విద్వాంసులు భయపడ్డారు. త్యాగరాజస్వామి కీర్తన టీ దుకాణంలోనూ, చెప్పులు విడవని చోటనూ మోగడమేమిటని మరికొందరు వెనుకాడారు.

కోయంబత్తూరు తాయి అలా తొలినాళ్ళలో పాడిన గాయని. ఆమె రికార్డు ఫ్రాన్సు దేశపు స్వరకర్త మోరిస్ దెలాజ్ చెవిన పడింది. ఆయన ముగ్ధుడై ఆ పోకడలను తన రచనలోకి తీసుకున్నారు. ఓడ దాటి వెళ్ళని గాయని గొంతు పారిస్ చేరిందంటే అది ప్లేటు మహిమే. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ కూడా గ్రామఫోనుకు పాడారు.

ఇక్కడ తెలుగువారు గమనించవలసింది ఒకటుంది. మద్రాసు కంపెనీల కర్ణాటక సంగీతం ప్లేట్లలో పెద్ద పాలు త్యాగరాజ కీర్తనలు, క్షేత్రయ్య పదాలు, జావళీలే. అంటే తెలుగు మాట. పాడేవారు అరవదేశం వారైనా పాట మనది. మన పల్లెల్లో కచేరీ మొహం చూడని వాళ్ళకు త్యాగయ్య కృతి మొదట వినబడింది ఈ లక్క ప్లేట్ల మీదే.

మూడు నిమిషాల గిరి

పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. పన్నెండు అంగుళాలదైతే నాలుగు నిమిషాలు దాటుతుంది. అంతే. కచేరీలో ఒక కృతి అరగంట సాగవచ్చు. రాగాలాపన, కీర్తన, నెరవు, స్వరకల్పన అన్నీ ఓపికగా పెంచుకుంటూ పోవడమే మన సంగీతం పద్ధతి. దాన్ని మూడు నిమిషాల గిరిలోకి తేవాలి.

అందుకని రాగాన్ని నాలుగు పట్టుల్లో చూపేవారు. సంగతులు తగ్గించేవారు. కాలం కాస్త పెంచేవారు. చరణం రెండో వైపుకు వెళ్ళేది. సూది లేచేలోగా ముగింపు రావాలి. తప్పు పోతే మైనపు పళ్ళెం వృథా. మళ్ళీ మొదటి నుంచి పాడాలి. మధ్యలో కత్తిరించి అతికించే వీలు ఆ రోజుల్లో లేదు. కనుక ఆ మూడు నిమిషాల్లో వినబడేది ఏ మెరుగూ దిద్దని అసలు విద్వత్తు.

1925 దాకా మైకు కూడా లేదు. గొట్టం దగ్గర మొహం పెట్టి గట్టిగా పాడాలి. పైస్థాయి వస్తే కాస్త వెనక్కి జరగాలి. మృదంగం దెబ్బ పెద్దదైతే గీత చెడుతుంది గనుక ఆయన్ను దూరంగా కూర్చోబెట్టేవారు. వీణ, వయొలిన్ వంటి సున్నితమైన వాద్యాలకు మైకు వచ్చాకే న్యాయం జరిగింది.

విద్యల నగరం వాటా

ఈ కథలో మన విజయనగరానికి పెద్ద వాటా వుంది. 1919లో ఇక్కడ మహారాజావారి సంగీత కళాశాల వెలసింది. తొలి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. విద్యార్థిగా చేరదామని వచ్చిన 26 ఏళ్ళ ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ విని, ఏకంగా ఆచార్యుడిగానే తీసుకున్నారు. చూపు మందగించి బడి చదువు ఆగిపోయిన మనిషి ఆయన. 1936లో కళాశాలకు అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1957లో పద్మశ్రీ వచ్చింది.

అప్పటిదాకా వయొలిన్ అంటే పాటకు పక్కవాద్యం. నాయుడుగారు దాన్ని ఒంటరిగా కూర్చోబెట్టి కచేరీ చేయించారు. ఆయన రికార్డులు ఆ కొత్త దారిని ఊరూరికీ చేర్చాయి. వయొలిన్ ఒంటరిగా రాగం పలికితే ఎలా వుంటుందో కచేరీకి వెళ్ళలేని వారికి ప్లేటు చెప్పింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మద్రాసులో జస్టిస్ పి.వి.రాజమన్నార్ ఇంట్లో నాయుడుగారి వాద్యం విని మెచ్చుకున్నారు. 1964లో నాయుడుగారు పోయారు. ఆయన ముందు కూర్చుని విన్నవారు నేడు బహు కొద్దిమంది. మిగతావారికి ఆధారం రికార్డులూ, రేడియో టేపులే.

సాలూరు పక్క శివరామపురం, 2022 దాకా విజయనగరం జిల్లా, అప్పటి నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. అక్కడ పుట్టిన సాలూరు రాజేశ్వరరావుగారిని పిల్లవాడిగా వుండగానే హచిన్స్ కంపెనీ బెంగుళూరు తీసుకువెళ్ళి ప్లేట్లు పాడించింది. తరువాత ఆయన సినిమా సంగీతంలో ఎంత ఎత్తుకు వెళ్ళారో చెప్పనక్కర లేదు. మన కళాశాలలో చదివిన ఘంటసాలవారి చేత మద్రాసు హెచ్.ఎం.వి.లో పనిచేసిన పేకేటి శివరాం ప్లేటు పాడించారు. ఘంటసాలవారి భగవద్గీత రికార్డు 1974లో ఆయన పోయిన తరువాత వెలువడి ఇంటింటికీ చేరింది.

కానీ ఆ యంత్రం ముందుకు రాని విద్య ఎంతో వుంది. రికార్డు ఇవ్వాలంటే చాలాసార్లు రైలెక్కి మద్రాసు పోవాలి. కంపెనీకి అమ్ముడుపోయే పేరు కావాలి. తెల్లవార్లూ సాగే హరికథ రెండు వైపులా కలిపి ఆరు నిమిషాల ప్లేటులో ఎలా ఇముడుతుంది? పాట, పద్యం, ఆట, మాట, గజ్జె అన్నీ కలిసిన విద్య అది. ఇమిడినవారి పేర్లు నిలిచాయి. ఇమడనివారిని గురించి పెద్దలు చెప్పగా వినడమే.

ఎల్పీతో తీరిన కొరత

1948లో అమెరికాలో లాంగ్ ప్లే రికార్డు వచ్చింది. వినైల్ అనే ప్లాస్టిక్కుతో చేసిన ఆ ప్లేటు విరగదు. ఒక వైపు ఇరవై నిమిషాలు పైనే మోగుతుంది. మన దేశంలో అది కుదురుకున్నాక కర్ణాటక సంగీతానికి ఊపిరి వచ్చింది.

ఎం.ఎస్.సుబ్బులక్ష్మిగారి సంగతే చూడండి. చిన్నపిల్లగా వుండగానే ఆమె 78 ప్లేటుకు పాడారు. 1963లో హెచ్.ఎం.వి. ఆమె చేత వేంకటేశ్వర సుప్రభాతం ఎల్పీ చేయించింది. సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం ఒకే బిగిన నడవాలి. మూడు నిమిషాల ముక్కలుగా చేస్తే దాని పవిత్రత ఏం వుంటుంది? ఎల్పీ వచ్చింది గనుకనే అది సాధ్యమైంది. దాని మీద వచ్చే రాయల్టీని ఆమె తిరుమల తిరుపతి దేవస్థానం వేద పాఠశాలకు ఇచ్చేశారు. తరువాత దేవస్థానం పూనికతో అన్నమయ్య సంకీర్తనలు చేరిన బాలాజీ పంచరత్నమాల వచ్చింది. తాళ్ళపాక వారి పదం తెలుగిళ్ళలో మళ్ళీ మోగడానికి అది బాగా తోడ్పడింది.

శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ, కాకినాడ వీణ చిట్టిబాబు, ఒంగోలు దగ్గర కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడ్డ నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా వంటివారి విద్య ఎల్పీల మీద నిలిచింది. 1980లలో క్యాసెట్టు వచ్చింది. మద్రాసు 'సంగీత' వంటి చిన్న కంపెనీలు కచేరీ మొత్తాన్ని క్యాసెట్లలో పెట్టి అమ్మాయి. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ ఆ తరం బిడ్డ. 1995లో ఆయన రికార్డు విదేశంలో రియల్ వరల్డ్ కంపెనీ నుంచి కూడా వెలువడింది.

గ్రామఫోన్ కంపెనీ పేరు 2000లో సరిగమ అయింది. 2017లో వాళ్ళు అయిదువేల పాటలు నింపిన కారవాన్ పెట్టె తెచ్చారు. అరుగు మీద పాటల పెట్టె మళ్ళీ వచ్చిందన్నమాట. కీ ఇవ్వనక్కర లేదు.

పాట ఎవరిది?

పాడినవారికి దక్కిందేమిటన్న ప్రశ్న పాతదే. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు దాన్ని తయారుచేసినవారిది. వెలువడిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు వుంటుంది. పాడినవారికి, వాయించినవారికి విడిగా హక్కు అన్నది 1994 సవరణతో గాని చట్టంలోకి రాలేదు. అంతకుముందు ఒప్పందంలో ఎంత రాసుకుంటే అంత. కొందరికి రాయల్టీ, కొందరికి ఒక్కసారి ఇచ్చే రొక్కం. పక్కవాద్యం వారి పేరు చాలా ప్లేట్ల చీటీ మీద అచ్చే కాలేదు.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. 60 ఏళ్ళు దాటిన రికార్డు మీద కంపెనీ హక్కు తీరిపోతుంది. త్యాగయ్య కృతి మీద ఎవరి హక్కూ లేదు. కనుక మన అటకల మీది చాలా ప్లేట్లను ఎక్కించి పదిమందికీ వినిపించవచ్చు. అడ్డు చట్టం కాదు, మన అశ్రద్ధ. హచిన్స్ వంటి కంపెనీలు ఏనాడో మూతపడ్డాయి. వాటి ప్లేట్లు కొన్నింటికి ఎవరో ఒకరి ఇంట్లోని ప్రతే దిక్కు. ముంబయిలో రికార్డుల సేకర్తలు సంఘంగా ఏర్పడి ఈ పని చేస్తున్నారు. మైకేల్ కిన్నియర్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు కూర్చుని మన దేశపు తొలి రికార్డుల జాబితాలు గ్రంథాలుగా తెచ్చారు. విద్యల నగరమని చెప్పుకునే చోట ఒక గదీ, ఒక బీరువా, ఒక యంత్రం ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు.

ఇంట్లో పాత ప్లేట్లుంటే

పారేయకండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండకూ, పొయ్యి వేడికీ దూరంగా వుంచండి. వేడికి లక్క వంగిపోతుంది. స్పిరిటుతో తుడిస్తే లక్క కరిగి పాట చెరిగిపోతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళలో ఒక చుక్క తేలికపాటి సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవాలి. మధ్యనున్న కాగితం చీటీ తడవకూడదు.

పాత ఉక్కు సూదితో వేయకండి. ఆ రోజుల్లో వైపుకొక కొత్త సూది మార్చేవారు. అరిగిన సూది ప్లేటును నమిలేస్తుంది. ఎల్పీ సూదీ పనికిరాదు. 78 గాడి వెడల్పు ఎక్కువ గనుక అది అడుగుకు దిగి గరగరమంటుంది. 78 వేగమూ, దానికి తగిన సూదీ వున్న యంత్రం మీదే వేయాలి. చీటీ చిరిగినా కంగారు లేదు. దాని పక్కన నల్లటి భాగంలో సన్నగా అచ్చయిన నంబరు వుంటుంది. అది రాసుకోండి. కంపెనీ జాబితాలో ఆ నంబరును బట్టి పాడినదెవరో తేల్చవచ్చు.

"మళ్ళీ వెయ్యి బాబూ"

మా పదకొండింటిలో ఒకదాని చీటీని చెదలు పూర్తిగా తినేశాయి. పట్నంలో తగిన యంత్రం వున్న ఒకరిని బతిమాలి దాన్ని వేయించాను. గరగర మధ్య నుంచి వయొలిన్ లేచింది. పక్కన నాతో వచ్చిన పెద్దాయన ఒకప్పుడు పిల్లలకు వయొలిన్ నేర్పినవారు. కళ్ళు మూసుకుని విన్నారు. "కల్యాణి" అన్నారు. సూది లేచింది. "మళ్ళీ వెయ్యి బాబూ" అన్నారు. మూడుసార్లు వేయించుకున్నారు.

"ద్వారం వారేనా మాస్టారూ?" అని అడిగాను.

"విల్లు నడక మన ఊరిదిలాగే వుంది. కానీ నంబరు సరిచూడనిదే పేరు రాయకు. ఆయన కాకపోతే ఆయనకూ అన్యాయమే, వాయించినాయనకూ అన్యాయమే" అన్నారు.

అందుకే ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. నంబరు మాత్రం రాసుకున్నాను. మీ అటక మీద కూడా ఇలాంటి పేరు లేని విద్వాంసుడు ఎవరైనా వుండవచ్చు. ఈ సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి చూడండి.